పురుగుకు పురుగే మందు

చామంతి కోయబోతే వేళ్లకు జిగురుగా తగిలిందా? కొమ్మ వంచి, ఆకు తిప్పి చూడండి. ఆవగింజ కన్నా చిన్న పురుగులు గుంపుగా అంటుకుని రసం పీలుస్తుంటాయి. అదే పేనుబంక. మగదానితో పని లేకుండానే ఆడపురుగు నేరుగా పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్ల వారం పది రోజుల్లో తనూ తల్లవుతుంది. అది వదిలే తీపి బంకకు చీమలు చేరతాయి, ఆకు మీద మసిలా బూజు పడుతుంది.

ఆరుబయట పొలంలో అయితే వాన కొంత కడిగేస్తుంది, అక్షింతల పురుగులు వచ్చి కొంత తినేస్తాయి. పాలీహౌస్‌లో వాన పడదు, వల దాటి మిత్ర పురుగు రాదు. దొంగ లోపల, కాపలా బయట! 2014లో తెలంగాణ ఏర్పడ్డాక ప్రభుత్వం పాలీహౌస్‌లకు 75 శాతం రాయితీ ప్రకటించింది. రంగారెడ్డి జిల్లాలో క్యాప్సికం, జెర్బెరా పందిళ్లు లేచాయి. మరి ఆ మూసిన పందిట్లో మందు కొడితే ఆ గాలి ఎక్కడికి పోతుంది? మర్నాడు అందులో కలుపు తీసేదీ, పూలు కోసేదీ ఎక్కువగా ఆడవాళ్లే. మందు ఖర్చు లెక్కలో ఈ సంగతి ఎవరూ రాయరు.

తొండుపల్లి నుంచి బెంగళూరు రోడ్డు మీద సిటీ వైపు వస్తే రాజేంద్రనగర్. అక్కడ జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది. 1966లో సస్యరక్షణ శిక్షణ కేంద్రంగా మొదలై 2008లో ఈ పేరు పెట్టుకుంది. మిత్ర పురుగుల్ని తక్కువ ఖర్చుతో ఎలా పెంచుకోవాలో రైతులకు నేర్పుతారు. పురుగు పట్టిన నూకను మనం చెరిగి పారబోస్తామా, ఇక్కడ జొన్న నూకలో ఆ పురుగునే పనిగట్టుకుని పెంచుతారు! దాని గుడ్లు క్రైసోపెర్లా పిల్లలకు మేత.

క్రైసోపెర్లా అంటే లేతాకుపచ్చ ఒళ్లు, జల్లెడ లాంటి రెక్కలు ఉన్న పురుగు. ఒక్కో గుడ్డును సన్నని దారం కొసన నిలబెడుతుంది. లేకపోతే ముందు పుట్టిన పిల్ల పక్క గుడ్డును తినేస్తుంది మరి. పందిళ్లకు ఇదే నయం. పెద్ద అక్షింతల పురుగైతే ఎగిరి కప్పు వైపు పోతుంది. క్రైసోపెర్లా పిల్లకు రెక్కలుండవు, ఆకుల మీదే పాకుతూ పేనుబంకను వేటాడుతుంది.

అయితే పేనుబంక కొద్దిగా ఉన్నప్పుడే, సాయంత్రం చల్లబడ్డాక వదలాలి. గుంపులు కట్టిన కొమ్మలు ముందే తుంచెయ్యాలి, చీమల్ని చేరనివ్వకూడదు. అన్నిటికన్నా కష్టం ఓపిక. మొదట్లో పేనుబంక ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. కంగారుపడి మందు కొట్టారా, మిత్రులు చస్తాయి, పేనుబంకేమో నాలుగు రోజుల్లో మళ్లీ పుట్టుకొస్తుంది. పూలతోట వాళ్లకు ఇది మరీ ఇబ్బంది. మొగ్గ మీద పురుగు కనబడితే బేరగాడు ధర తగ్గిస్తాడు కదా.

పెరట్లో చిక్కుడు పాదు ఉన్నవాళ్లకు ఆ బెంగ లేదు. అక్షింతల పురుగు పిల్ల మాత్రం తల్లి పోలిక కాదు. నల్లటి ఒళ్లు, నారింజ మచ్చలు, చూడ్డానికి బుల్లి మొసలి! చెడ్డ పురుగనుకుని చాలామంది నలిపేస్తారు. ఈసారి కనిపిస్తే ఆకుతో సహా తెంపి, పేనుబంక ఎక్కువగా ఉన్న తీగ మీద పెట్టండి.