నెయ్యి ఒంటబట్టాలంటే – లైపేజ్ చేసే మేలు

నెయ్యి తింటే బలమని పెద్దలు చెబుతారు. ఎంత తిన్నా ఒంటబట్టడం లేదని కొందరు వాపోతారు. ఈ రెండు మాటలకూ నడుమ ఉన్నది ఒక ఎంజైము. ముద్దపప్పులో వేసుకున్న నేయి అయినా, తాలింపులోని నూనె అయినా ఉన్నది ఉన్నట్లుగా రక్తంలో కలవదు. ముందుగా దానిని విడగొట్టాలి. ఆ పని చేసేది లైపేజ్. ఆయుర్వేదం జఠరాగ్ని అని పేర్కొన్న జీర్ణశక్తిలో స్నేహద్రవ్యాలను పచనం చేసే అంశాన్ని దీనితో పోల్చవచ్చునని నా అభిప్రాయం.

పుట్టుక

జీర్ణాశయంలో కొద్దిపాటి లైపేజ్ ఊరినా, ప్రధానమైనది జీర్ణాశయానికి వెనుకనున్న క్లోమగ్రంథిలో తయారై చిన్నప్రేగు తొలిభాగమైన ఆంత్రమూలంలోకి చేరుతుంది. ఈ సంగతికి ఆధారం 1840లలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ పరిశోధనలలో లభించింది. కుందేలులో పైత్యనాళం ప్రేగు మొదట్లోనూ, క్లోమనాళం చాలా దిగువనూ తెరుచుకుంటాయి. కొవ్వు తినిపించిన కుందేలును పరిశీలిస్తే, ప్రేగు నుండి కొవ్వును తీసుకుపోయే నాళాలు క్లోమరసం కలిసిన చోటు దాటిన తరువాతనే పాలవలె తెల్లగా కనిపించాయి. పైత్యరసం ఒక్కటే చాలదని దీనితో స్పష్టమైంది.

నిర్మాణం

మానవ క్లోమ లైపేజ్ 449 అమైనో ఆమ్లాల గొలుసు. అది ముడుచుకొని ఒక పెద్ద భాగంగా, ఒక చిన్న భాగంగా ఏర్పడుతుంది. పెద్ద భాగంలోని గుంటలో సెరీన్, ఆస్పార్టిక్ ఆమ్లం, హిస్టిడిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు చేరువగా ఉంటాయి. కొవ్వును తెగ్గొట్టేది ఈ త్రయమే. ఆ గుంటపై ఒక మూత ఉంటుంది. 1990లో వెల్లడైన స్ఫటిక నిర్మాణంలో ఈ మూత మూసి ఉన్న స్థితి కనిపించింది. 1993లో తెరుచుకున్న స్థితి కూడా తెలిసింది.

పనిచేసే తీరు

నూనె నీటిలో కలవదు. అందుచేత పైత్య లవణాలు దానిని సన్నని బిందువులుగా చీలుస్తాయి. కాని అవే లవణాలు బిందువును కప్పివేసి లైపేజ్‌ను దూరంగా నెట్టుతాయి కూడా. ఈ చిక్కును తీర్చేది కోలైపేజ్ అనే చిన్న మాంసకృత్తు. ఇది లైపేజ్ చిన్న భాగాన్ని పట్టుకొని, దానిని నూనె బిందువుపై నిలుపుతుంది. అక్కడ మూత తెరుచుకుంటుంది. కొవ్వు అణువులో గ్లిసరాల్‌కు అంటుకొని మూడు కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. లైపేజ్ ఇరుప్రక్కల ఉన్న రెండింటిని వేరు చేసి, నడిమిదానిని గ్లిసరాల్‌తోనే వదులుతుంది. ఈ ముక్కలనే ప్రేగు గోడలు పీల్చుకుంటాయి.

లోపిస్తే

క్లోమానికి దీర్ఘకాలపు వాపు వస్తే లైపేజ్ తగ్గుతుంది. మద్యం, పొగ ఇందుకు ముఖ్య కారణాలు. మద్యం ముట్టని యువకులలో సైతం క్లోమంలో రాళ్ళు ఏర్పడే వ్యాధి దక్షిణ భారతదేశంలో ఉంది. లైపేజ్ మామూలు పరిమాణంలో సుమారు పదవ వంతుకు పడిపోయే వరకు కొవ్వు విరేచనాలు సాధారణంగా కనిపించవు. అంటే, గుర్తులు బయటపడేసరికే నష్టం చాలా జరిగి ఉంటుంది. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వుతోపాటే బయటకు పోతాయి. రేచీకటి, ఎముకల బలహీనత, బరువు తగ్గడం సంభవిస్తాయి.

మలం నీటిపై తేలితే లైపేజ్ లోపమేనా అని నన్ను పలువురు అడుగుతుంటారు. తేలడం ఒక్కటే గుర్తు కాదు. ఆమంతో కూడిన మలం మునుగుతుందనీ, పక్వమైనది తేలుతుందనీ, అయితే ఇందుకు మినహాయింపులు ఉన్నాయనీ చరక సంహిత గ్రహణీ చికిత్సాధ్యాయం చెబుతుంది. మలం తేలడానికి ముఖ్య కారణం అందులోని వాయువేనని ఆధునికులు 1972లో నిరూపించారు. మలం పాలిపోయి, జిడ్డుగా, దుర్గంధంతో, నీళ్ళు పోసినా అంటుకుపోతూ ఉండి, బరువు కూడా తగ్గుతుంటే అనుమానించాలి. మలంలో ఎలాస్టేజ్ పరీక్షతో క్లోమం శక్తి తెలుస్తుంది.

ఇంట్లో పాటించవలసినవి

• నేయి తిన్న తరువాత వేడినీరు అనుపానంగా తీసుకోవాలని చరకుడు చెప్పాడు. ఆరోగ్యవంతులకు ఇది మంచి అలవాటు.

• అల్లం, మిరియాలలోని పైపెరిన్, పసుపులోని కర్క్యుమిన్ క్లోమ లైపేజ్ చురుకుదనాన్ని పెంచినట్లు మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఎలుకలపై చేసిన ప్రయోగాలలో తేలింది. అవి ఆరోగ్యంగా ఉన్న ఎలుకలు. దెబ్బతిన్న క్లోమానికి శొంఠి కషాయం లైపేజ్‌ను తిరిగి తెచ్చి ఇవ్వలేదు.

• లోపం నిర్ధారణ అయినవారు నేయి, నూనె పూర్తిగా మానివేస్తే మరింత క్షీణిస్తారు. వాటిని మూడు పూటలకూ పంచుకొని, వైద్యుడు వ్రాసిన ఎంజైము గుళికలను భోజనంతోపాటు వేసుకోవాలి. జీర్ణాశయపు ఆమ్లం లైపేజ్‌ను నాశనం చేస్తుంది కనుక లోపలి గింజలకు పూత ఉంటుంది. వాటిని నమలరాదు, నూరరాదు. ఈ మందు సాధారణంగా పంది క్లోమం నుండి తీసినది. అభ్యంతరం ఉన్నవారు ముందే వైద్యునితో మాట్లాడుకోవాలి.

• మద్యం, పొగ వెంటనే మానాలి.

• పై కడుపులో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి పుట్టి వీపులోకి ప్రాకి, వాంతులు కూడా అవుతుంటే వాము నీళ్ళు త్రాగించి వేచి చూడకండి. అది క్లోమం తన ఎంజైములతో తానే జీర్ణమైపోతున్న స్థితి కావచ్చు. రక్తంలో లైపేజ్ గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు లేదా అంతకు మించి ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. రోగిని ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చండి. ఆ సమయంలో గృహవైద్యానికి తావు లేదు.