శిక్రా శిక్షణ: వేటపక్షుల విషయమై కొన్ని మాటలు

ఒక వేసవిలో సికింద్రాబాద్ కంటోన్మెంటు ప్రాంతపు యువకుడొకడు అట్టపెట్టెలో ఒక పక్షిపిల్లను తెచ్చి నాకు చూపాడు. గాలివానకు వేపచెట్టు మీది గూటి నుంచి పడిందట. "మౌల్వీ సాబ్, ఇది బాజ్ పిల్ల. పెంచి వేట నేర్పుదామనుకుంటున్నాను. ఇది పట్టింది మనకు హలాలే కదా?" అని అడిగాడు. ఒక్క మాటలో జవాబు చెప్పి పంపవచ్చు. కాని ఆ ప్రశ్నలో పక్షి పేరు, శిక్షణ, ధర్మశాస్త్ర నియమం, నేటి చట్టం అనే నాలుగు విషయాలు ముడిపడి ఉన్నాయి. వాటిని విడివిడిగా పరిశీలించుట మేలు.

మొదట పేరు సంగతి. అరబీ గ్రంథాలలోని 'బాజీ' అనే మాటను మనవారు తరచు 'గద్ద' అని చెబుతుంటారు. నేనూ ఒకప్పుడు అనువాదంలో అలాగే రాశాను. అది పొరపాటు. గద్ద కోడిపిల్లలను తన్నుకుపోతుంది, కళేబరాలను తింటుంది. వేటగాని చేతి మీద కూర్చునే పక్షి అది కాదు. సరైన తెలుగు మాట 'డేగ'. 'సాళువం' అనే మాట కూడ ఉన్నది. 1485 నుంచి 1491 వరకు విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయల వంశనామానికి డేగ అనే అర్థం చెబుతారు. ఈ విద్య దక్కనులో ముస్లిం పాలనకు ముందు నుంచీ ఉన్నదే. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన 'మానసోల్లాసం'లో డేగవేటకు ఒక ప్రకరణం కలదు.

మన దేశపు మీర్ షికార్లు వేటపక్షులను కంటి రంగును బట్టి రెండు తెగలుగా విభజించారు. బహ్రీ, షాహీన్, లగ్గర్ వంటివి 'సియాహ్ చష్మ్', అనగా నల్లకన్నువి. ఇవి ఆరుబయట ఎత్తుకు ఎగిరి వేటాడతాయి. బాజ్, బాషా, శిక్రా 'గులాబ్ చష్మ్'. వీటికి రెక్కలు పొట్టి, తోక పొడుగు. చెట్ల మధ్య నుంచి హఠాత్తుగా దూసుకువస్తాయి. వీటిలో శిక్రా చిన్నది, ఇంచుమించు పావురమంత. ఆడపక్షి మగదానికంటె పెద్దది. తిరుమలగిరి, బొల్లారం వైపు పెద్ద చెట్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. త్వరగా మచ్చికవుతుంది గనుక సామాన్యులు పూర్వం దీనినే పెంచేవారు.

ఇక శిక్షణ. పక్షి కాళ్లకు మెత్తని తోలుపట్టీలు కట్టి, చేతి మీద కూర్చుండబెట్టి, గంటల తరబడి మనుషుల మధ్య తిప్పుతారు. అది చేతి మీదనే మాంసం తిన్ననాడు మొదటి మెట్టు దాటినట్లు. తరువాత పొడుగాటి దారం కట్టి, అడుగు దూరం నుంచి, పది అడుగుల నుంచి, చివరకు మైదానం ఆ చివరి నుంచి పిలిచి మేత పెడతారు. నమ్మకం కుదిరిన తరువాతనే దారం విప్పుతారు. వేట సమయంలో శిక్రాను గుప్పిట పట్టి పూరేడుపిట్ట వైపు విసరడం మన దేశపు పద్ధతి.

ఈ విద్య అంతా ఆకలిని కొలవడంలోనే ఉన్నది. కడుపు నిండిన పక్షి పిలిస్తే రాదు. మాడ్చిన పక్షి చస్తుంది. ఇంత చిన్న ప్రాణికి ఒక్కపూట పొరపాటే చాలు. మేతతోపాటు కొంచెం ఈకలు, ఎముకలు పెట్టాలి. అరగని వాటిని అది మరునాడు ఉండగా కక్కుతుంది. ఆ ఉండను చూచి దాని ఆరోగ్యం గ్రహిస్తారు. ఈకలు రాల్చి కొత్తవి తొడిగే 'కురీజ్' కాలంలో వేటకు విడువక, బాగా మేపుతారు. అన్నిటికంటె ముఖ్యం, దానిని కొట్టరాదు. ఒక్కసారి బెదిరిన డేగ మళ్లీ చేతికి రాదు.

ఇప్పుడు ధర్మశాస్త్రం చూద్దాం. దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 4వ ఆయత్ శిక్షణ పొందిన 'జవారిహ్' పట్టిన వేటను అనుమతించింది. జవారిహ్ అనగా గాయపరచి పట్టేవి. తెలుగులో 'జంతువులు' అంటే పక్షులు స్ఫురించవు. కాని అధికసంఖ్యాక పండితుల దృష్టిలో ఆ మాటలో డేగలూ చేరతాయి. విడిచేటప్పుడు అల్లాహ్ నామం ఉచ్చరించాలి. వేట ప్రాణంతో చేతికందితే జబహ్ చేయాలి.

మరి శిక్షణ పూర్తయిందని గుర్తేమిటి? 593 హిజ్రీలో మరణించిన ఇమామ్ మర్గీనానీ తన 'హిదాయా'లో కుక్కకు, డేగకు వేరువేరు గుర్తులు చెప్పారు. కుక్క పట్టినదానిని మూడుసార్లు తినక విడిచిపెట్టాలి. డేగ పిలిస్తే తిరిగి రావాలి. ఎందుకీ తేడా? కుక్క దేహం దెబ్బకు ఓర్చుకుంటుంది, కనుక తినకుండ నేర్పవచ్చు. పక్షి దేహం ఓర్వదు. పైగా మనిషిని చూచి పారిపోవుట పక్షి సహజగుణం. ఆ గుణాన్ని వదలి పిలుపుకు రావడమే దాని చదువు. షాఫయీ పండితులు మాత్రం పక్షి కూడ తినరాదని షరతు పెట్టారు.

మదరసాలో ఈ పాఠం చదివినప్పుడు నాకిది కేవలం తర్కంగా తోచింది. మీర్ షికార్ల పద్ధతి తెలిసిన తరువాత గదా, ఫకీహులు పక్షి స్వభావాన్ని ఎంత దగ్గరగా గమనించి నియమం చెప్పారో బోధపడింది. నేర్చేవాని శక్తి ఎరిగి నేర్పమనుట పక్షికే పరిమితమైన మాట కాదు.

చివరకు నేటి స్థితి. 2010లో యునెస్కో డేగవేటను మానవజాతి వారసత్వాలలో చేర్చింది. నాడు పేరు నమోదు చేయించుకున్న దేశాలలో సౌదీ అరేబియా, ఎమిరేట్స్ ఉన్నాయి. మన దేశంలో మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం శిక్రాను పట్టుట, పెంచుట, దానితో వేటాడుట నేరం. ధర్మశాస్త్రం వేటను అనుమతించినదే గాని విధించలేదు. అనుమతించినదానిని ప్రజాహితం కోరి చట్టం ఆపితే, దానిని పాటించుటలో మన ధర్మానికి లోటేమీ లేదు.

ఆ యువకునికి ఇంకొక సంగతి కూడ చెప్పాను. ప్రయాణంలో కొందరు సహాబాలు ఒక పిట్ట పిల్లలను తీసుకోగా తల్లిపిట్ట వచ్చి తల్లడిల్లింది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అది చూచి, పిల్లలను దానికి తిరిగి ఇచ్చివేయమన్నారు. ఈ హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉన్నది.

అతడు కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత ఇద్దరం అటవీశాఖ వారి సలహా అడిగి, పిల్లను ఒక వెదురుబుట్టలో ఉంచి అదే వేపచెట్టు కొమ్మకు కట్టించాము. అసర్ వేళకు తల్లిశిక్రా మేత తెచ్చింది.