ఖులా: విడిపోయిన స్త్రీకి షరీఅత్ ఇచ్చిన హక్కులు

ఇరవై యేండ్లు కలతల కాపురంలో నలిగిన స్త్రీ విడుదల కోరితే, "ఇన్నాళ్లు ఓర్చుకున్నావు, ఇక ఓర్చుకోలేవా?" అని అయినవారే అడ్డుపడటం మన సమాజంలో కద్దు. సహనం గొప్ప సుగుణమే. కాని తగిన కారణముండి విడిపోవటం పాపమన్న మాట షరీఅత్‌లో లేదు.

అల్లాహ్ నిర్ణయించిన హద్దులలో దంపతులు నిలువలేరన్న భయం కలిగినప్పుడు, భార్య కొంత పరిహారమిచ్చి విడుదల పొందటాన్ని దివ్య ఖుర్‌ఆన్ (2:229) అనుమతించింది. ఇదే ఖులా. సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, భర్త నడవడిలోగాని ధర్మనిష్ఠలోగాని లోపం లేదని, అయినా ఆయనతో కాపురం చేయలేనని విన్నవించుకున్నది. ఆయన (స) ఆమె పొందిన తోటను భర్తకు తిరిగి ఇప్పించి ఆమెకు విడుదల కలిగించారని సహీహ్ బుఖారీ తెలుపుతున్నది.

భర్త సమ్మతి లేనిదే ఖులా చెల్లదని హనఫీ పండితులు భావించారు. ఆంగ్లేయుల పాలనలో అధికారం గల ఖాజీలు కరువై, పంజాబులో కొందరు స్త్రీలు వివాహబంధం తెంచుకొనుటకు మతమే విడనాడిన దుస్థితి ఏర్పడింది. దానిని గమనించిన మౌలానా అష్రఫ్ అలీ థానవీ మాలికీ న్యాయశాస్త్రం ఆధారంగా పరిష్కారాలు సూచించారు. తరువాత 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త 4 సంవత్సరాలు ఆచూకీ లేకపోయినా, 2 సంవత్సరాలు పోషణ ఇవ్వకపోయినా, క్రూరంగా వ్యవహరించినా భార్య న్యాయస్థానం ద్వారా విడుదల పొందవచ్చు. ఖులాలో సాధారణంగా మహర్ వదులుకొనవలసి వస్తుంది. ఈ చట్టం క్రింద విడుదల పొందితే మహర్ హక్కు పోదు. ఖులాకు భర్త సమ్మతి తప్పనిసరి కాదని తెలంగాణ హైకోర్టు 2025లో తీర్పు చెప్పింది.

విడుదల తరువాతి జీవితానికి కూడ షరీఅత్ దారి చూపింది. హనఫీల ప్రకారం ఇద్దత్ మూడు ఋతుకాలాలు. ఋతువు ఆగిన స్త్రీకి మూడు నెలలు. గడువు ముగిసిన పిమ్మట పరస్పరం సమ్మతించిన నికాహ్‌కు అడ్డు తగలరాదని ఖుర్‌ఆన్ (2:232) ఆదేశించింది. స్త్రీ సంపాదన స్త్రీదే (4:32). జాబిర్ (రజి) పినతల్లి విడాకులు పొంది, ఇద్దత్‌లోనే తన ఖర్జూరాలు కోసుకొనబోగా ఒకరు వారించారు. దైవప్రవక్త (స) ఆమెను అనుమతించి, ఆమె ఆ పంటలో దానధర్మాలు చేయవచ్చునన్నారని సహీహ్ ముస్లింలో ఉన్నది.

కనుక ఇంటి పెద్దలు అటువంటి స్త్రీని నిందించక, ఆమెకు రావలసినది ఇప్పించి, స్వయంగా సంపాదించుకొనుటకు, కోరుకుంటే పునర్వివాహానికి తోడ్పడటం వారి బాధ్యత.