ఆరుబయట కాసేపు – కంటికీ ఎముకకూ కాపు

 

"కొండల్లో పుట్టిన పిల్లలకు ఎండ గురించి చెప్పాలా?" అని మీరు నవ్వొచ్చు. నిజమే. ఇంటి దగ్గర ఉన్నప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. పశువుల వెంట, పోడుకి, కట్టెలకి, సంతకి తిరుగుతూనే ఉంటాం. హాస్టల్‌కి వచ్చాకే మన రోజు మారింది. తెల్లవారి స్టడీ అవర్ గదిలో. పగలంతా క్లాసు గదిలో. రాత్రి మళ్ళీ స్టడీ అవర్. సాయంత్రం గేమ్స్ పీరియడ్‌లో కొందరు టీవీ ముందు కూర్చుంటారు, పదో తరగతి వాళ్ళు స్పెషల్ క్లాసులో ఉంటారు. లెక్క వేసుకుంటే ఆకాశం కింద మనం గడిపేది చాలా తక్కువ. దానివల్ల మనకి ఏం నష్టం? తెలుసుకుందాం.

1. కన్ను

మన క్లాసులో వెనక బెంచీ నుంచి కళ్ళు చిట్లించి బోర్డు చూసేవాళ్ళు ఎంతమందో ఒకసారి గమనించండి. దూరంగా ఉన్నవి మసకగా కనబడడాన్ని హ్రస్వదృష్టి అంటారు. ఇందులో కనుగుడ్డు ఉండాల్సినదానికన్నా పొడవుగా సాగుతుంది. అప్పుడు దూరపు వస్తువు బొమ్మ రెటీనా మీద పడకుండా, దానికి ముందే పడుతుంది. పుస్తకం బాగానే కనబడుతుంది, బోర్డు కనబడదు. ఆ పిల్లవాడికి చదువు రాదని అనుకుంటారు గాని, కనబడడం లేదని ఎవరికీ తోచదు.

దీనికీ ఆరుబయటకీ సంబంధం ఏమిటి? వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. మామూలు తరగతి గదిలో సుమారు 300 నుంచి 500 లక్స్‌ల వెలుగు ఉంటుంది. బయట మంచి ఎండలో అది లక్ష దాకా పోతుంది. చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. అంత వెలుగు కంట్లో పడితే రెటీనాలో డోపమిన్ అనే పదార్థం విడుదలై, కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడుల్లో దీన్ని పరీక్షించారు. ఆరు బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు బయట క్లాసు పెట్టారు. మిగతా ఆరు బడులు మామూలుగానే నడిచాయి. మూడేళ్ళ తర్వాత, మామూలు బడుల్లో నూటికి దాదాపు 40 మందికి హ్రస్వదృష్టి వచ్చింది. బయటికి తీసుకెళ్ళిన బడుల్లో 30 మందికే వచ్చింది. ఈ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. తైవాన్ దేశం 2010 నుంచే పిల్లలు రోజుకి 120 నిమిషాలు బయట ఉండాలని బడులకు చెప్పింది.

ఒక్క మాట. ఇప్పటికే చూపు తగ్గినవాళ్ళకి ఆటలతో చూపు తిరిగి రాదు. వాళ్ళకి కళ్ళద్దాలే కావాలి. సిగ్గుపడకుండా సారుకి చెప్పండి. ఇంకో మాట: సూర్యుణ్ణి నేరుగా ఎప్పుడూ చూడకూడదు.

2. ఎముక

ఎముక గట్టిపడాలంటే కాల్షియం కావాలి. మనం తినే చోడి అంబలిలో కాల్షియం బాగా ఉంటుంది. కాని తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి ఉండాలి. దాన్ని మన చర్మమే ఎండ సాయంతో తయారుచేసుకుంటుంది. అది చాలకపోతే పిల్లలకు రికెట్స్ వస్తుంది, కాళ్ళు వంకరపోతాయి. వెనకట పొగ కమ్మిన యూరప్ పట్టణాల్లో ఈ జబ్బు చాలామంది పిల్లలకు ఉండేది. 1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అనే డాక్టరు, అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం కింద పిల్లల్ని ఉంచి దాన్ని నయం చేసి చూపించాడు.

ఆ కిరణాలు కిటికీ అద్దంలోంచి సరిగా రావు. పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండలో కూడా తక్కువే. మరి మంచి ఎండ ఏదో ఎలా తెలుస్తుంది? గడియారం అక్కర్లేదు. మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఆ ఎండలో పని జరుగుతుంది. మధ్యాహ్నం అన్నం బెల్లు తర్వాత పదిహేను, ఇరవై నిమిషాలు ముఖానికీ చేతులకీ ఎండ తగలనివ్వండి. నడివేసవిలో మాత్రం వద్దు, వడదెబ్బ తగులుతుంది.

3. ఒళ్ళు, నిద్ర, చదువు

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. దానికి ఖరీదైన సామాను ఏమీ వద్దు. కబడ్డీ, ఖోఖో, ఏడు పెంకులాట, తొక్కుడు బిళ్ళ చాలు. మన థింసా ఒక అరగంట ఆడి చూడండి, చెమట ఎలా పడుతుందో! పగలు వెలుగులో ఉంటే రాత్రి వేళకి నిద్ర పడుతుంది. నిద్ర చాలితేనే పొద్దున చదివింది బుర్రలో నిలుస్తుంది. కాబట్టి ఆటకి ఇచ్చిన గంట చదువుకి తగ్గినట్టు కాదు.

జాగ్రత్తలు

* చెప్పులు లేకుండా తిరగొద్దు. కొంకిపురుగు అరికాలి చర్మంలోంచి లోపలికి పోయి రక్తం తగ్గిస్తుంది.
* మునిమాపు వేళ నిండు చేతుల చొక్కా వేసుకోండి. మలేరియా దోమ చీకటి పడ్డాక కుడుతుంది.
* ఉరుములు వినబడితే చెట్టు కిందికి పోవద్దు. వెంటనే గదిలోకి రండి.
* ఆట ముందూ తర్వాతా మంచినీళ్ళు తాగండి.

వార్డెన్ సారుగారికి మా మనవి

పరీక్షల భయంతో గేమ్స్ పీరియడ్‌ని స్పెషల్ క్లాసుగా మార్చకండి సార్. తప్పనిసరి అయితే ఆ క్లాసునే పనస చెట్టు కింద పెట్టించండి. ఎక్కాలు, పద్యాలు అప్పజెప్పడానికి గోడలు అక్కర్లేదు కదా! ఆ గంటసేపు టీవీ గదికి తాళం వేసినా మేము ఏమీ అనుకోము. ఆడపిల్లలకు కూడా గ్రౌండులో చోటు, సమయం సమానంగా ఇప్పించండి. ఎముకలు అందరికీ ఒకటే.

మిత్రులారా! ఇది చదవడం అయిపోయింది కదా, ఇంక వరండాలో నిలబడకండి. నీడ పొట్టిగా ఉందో లేదో బయటికెళ్ళి చూడండి.

నీడ పొట్టి – ఎముక గట్టి!