సిరాజ్ సగటు 32.43, చూడాల్సిన అంకె 1113

2025 ఇంగ్లండ్ పర్యటన బౌలింగ్ పట్టికను సగటు వరుసలో చూస్తే మహ్మద్ సిరాజ్ పేరు దగ్గర చూపు ఆగదు. 746 పరుగులిచ్చి 23 వికెట్లు, సగటు 32.43. జస్‌ప్రీత్ బుమ్రా సగటు 26. ఇంగ్లండ్ పేసర్ జోష్ టంగ్ మూడే టెస్టులాడి 19 వికెట్లు పడగొట్టాడు. సిరీస్‌లో అందరికంటే ఎక్కువ వికెట్లు సిరాజ్‌వే అయినా, సగటే కొలమానం అనుకుంటే అతనిది ఓ మోస్తరు ప్రదర్శన కిందే లెక్క. నేను మాత్రం ఒప్పుకోను. మన హైదరాబాదీ కుర్రాడన్న అభిమానం నాకుంది, దాచుకోను. కానీ ఇక్కడ నా వాదన అభిమానంతో కాదు, ఆ పట్టికలోనే ఉన్న మరో గడితో. అది ఓవర్ల గడి. సిరాజ్‌కు ఎదురుగా అక్కడ 185.3 అని ఉంటుంది.

చుక్క తర్వాతి మూడు, మూడు బంతులు. అంటే 185 ఓవర్ల మీద మూడు బంతులు, మొత్తం 1113. వైడ్లు, నోబాల్స్ ఈ లెక్కలోకి రావు. వాటికోసం పరిగెత్తిన పరుగు కూడా అతని కాళ్ల మీదే పడింది.

జూన్ 20న లీడ్స్‌లో మొదలైన సిరీస్ ఆగస్టు 4న ఓవల్‌లో ముగిసింది. 46 రోజుల్లో ఐదు టెస్టులు, ఐదూ ఐదో రోజు దాకా సాగాయి. రెండు జట్లలో కలిపి అన్ని టెస్టులూ ఆడిన పేసర్లు ఇద్దరే: సిరాజ్, క్రిస్ వోక్స్. వోక్స్ ఓవల్‌లో తొలిరోజే ఫీల్డింగ్ చేస్తూ భుజం దెబ్బ తగిలి బౌలింగ్‌కు దూరమయ్యాడు. బుమ్రా మూడే టెస్టులాడతాడని సిరీస్‌కు ముందే తేల్చేశారు. అతను వేసినవి 119.4 ఓవర్లు, 718 బంతులు. సిరాజ్ కంటే 395 తక్కువ.

ఇక వికెట్ల లెక్కను రెండుగా చీల్చి చూద్దాం. బుమ్రా ఆడిన లీడ్స్, లార్డ్స్, మాంచెస్టర్ టెస్టుల్లో సిరాజ్ 429 పరుగులిచ్చి ఏడు వికెట్లే తీశాడు. సగటు 61 దాటింది. బుమ్రా లేని బర్మింగ్‌హామ్, ఓవల్‌లలో 317 పరుగులకు 16 వికెట్లు. సగటు 19.81. భారత్ గెలిచిన రెండు టెస్టులూ ఇవే.

ఇది చూసి బుమ్రా పక్కన లేకపోతేనే సిరాజ్ బాగా వేస్తాడని తేల్చేయడం తొందరపాటు. రెండు టెస్టులతో ఏ సూత్రమూ నిలబడదు. మాంచెస్టర్‌లో ఇంగ్లండ్ ఒకే ఇన్నింగ్స్‌లో 669 కొట్టింది. బుమ్రా అక్కడ 112 పరుగులిచ్చి రెండు వికెట్లు తీస్తే, సిరాజ్ 140 ఇచ్చి ఒకటి తీశాడు. ఆ పిచ్ ఇద్దరికీ ఏమీ ఇవ్వలేదు. లీడ్స్ రెండో ఇన్నింగ్స్‌లో సిరాజ్ పేరున వికెట్ లేదు, 51 పరుగులున్నాయి. అదే ఇన్నింగ్స్‌లో బెన్ డకెట్ 97 దగ్గర సిరాజ్ బంతిని గాల్లోకి లేపితే యశస్వి జైస్వాల్ క్యాచ్ వదిలేశాడు. డకెట్ 149 దాకా వెళ్లాడు, ఇంగ్లండ్ 371 ఛేదించింది. చేజారిన క్యాచ్‌కు బౌలర్ ఖాతాలో చోటుండదు, అందులో పరుగులు మాత్రం పడిపోతాయి.

బర్మింగ్‌హామ్ తొలి ఇన్నింగ్స్ గణాంకాలు ఇంకా విచిత్రం. ఇంగ్లండ్ 407 చేసింది, అందులో 303 ఒక్క హ్యారీ బ్రూక్, జేమీ స్మిత్ జోడీవే. ఆరుగురు సున్నాకే అవుటయ్యారు. సిరాజ్ వరుస బంతుల్లో జో రూట్‌ను, బెన్ స్టోక్స్‌ను పంపించాడు, మొత్తం 70 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు. బౌలర్లకు పెద్దగా సాయం లేని పిచ్ మీద, దాడికి పెద్దదిక్కయిన బుమ్రా లేనప్పుడు చేసిన పని ఇది.

ఓవల్ గురించి తీరిగ్గానే చెప్పాలి. ఇంగ్లండ్ లక్ష్యం 374. నాలుగో రోజు ప్రసిద్ధ్ కృష్ణ బంతిని బ్రూక్ పుల్ చేశాడు. బౌండరీ దగ్గర సిరాజ్ క్యాచ్ పట్టాడు, ప్రసిద్ధ్ చేతులు పైకెత్తేశాడు. అంతలో సిరాజ్ కాలు తాడును తాకింది. వికెట్ కావలసింది సిక్సర్ అయింది. అప్పటికి బ్రూక్ స్కోరు 19. అవుటయ్యేటప్పటికి 111. ఆ రోజు ఆట ముగిసేసరికి ఇంగ్లండ్ ఆరు వికెట్లకు 339, ఇంకా కావలసినవి 35 పరుగులే.

ఐదో రోజు ఆట సాగింది 53 బంతులు. మొదటి రెండు బంతుల్నీ జేమీ ఓవర్టన్ ఫోర్లు కొట్టాడు. సిరాజ్ తన తొలి ఓవర్లో స్మిత్‌ను కీపర్ క్యాచ్‌తో, తర్వాతి ఓవర్లో ఓవర్టన్‌ను ఎల్బీగా వెనక్కి పంపాడు. టంగ్‌ను ప్రసిద్ధ్ బౌల్డ్ చేశాడు. చేయి కట్టు కట్టుకుని వోక్స్ క్రీజులోకి వచ్చాడు. ఏడు పరుగుల దూరంలో ఉన్న ఇంగ్లండ్‌ను ఆపింది గస్ అట్కిన్సన్ ఆఫ్ స్టంప్‌ను లేపేసిన యార్కర్. వేగం గంటకు 143 కిలోమీటర్లు. ఆ ఇన్నింగ్స్‌లో సిరాజ్ వేసిన 181వ బంతి అది, సిరీస్‌లో 1113వ బంతి. ఆ ఉదయం అతను 25 బంతుల్లో తొమ్మిది పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు. తేడా ఆరు పరుగులు. సిరీస్ 2-2.

ఆ యార్కర్ పడింది 85 ఓవర్లు తిరిగిన బంతితో. 80 ఓవర్లు దాటి కొత్త బంతి అందుబాటులోకి వచ్చినా భారత్ తీసుకోలేదు. అదే ఏడాది జనవరిలో చాంపియన్స్ ట్రోఫీ జట్టులో సిరాజ్‌కు చోటు దక్కనప్పుడు, కొత్త బంతి ఇవ్వకపోతే అతని ప్రభావం తగ్గుతుందని అప్పటి కెప్టెన్ రోహిత్ శర్మ కారణం చెప్పాడు. నిజమే, అది తెల్లబంతి సంగతి, వన్డేల సంగతి. దాన్ని టెస్టుకు అతికించి రోహిత్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ సిరాజ్ మీద కొత్త బంతి బౌలరన్న ముద్ర ఇంకా మిగిలి ఉంటే, దాన్ని ఇప్పుడైనా చెరిపేయాలి.

నాకున్న అసలు ఆవేదన వేరే. బుమ్రా మూడు టెస్టులే ఆడటం మీద ఎంతోమంది విసుక్కున్నారు. నాకు మాత్రం ఆ నిర్ణయం సబబుగానే తోచింది. వెన్ను శస్త్రచికిత్స దాటి వచ్చిన బౌలర్‌ను అలాగే కాచుకోవాలి. అయితే అలాంటి జాగ్రత్త దెబ్బ తగిలాకే ఎందుకు మొదలవ్వాలి? సిరాజ్‌కు సిరీస్ నాటికి 31 ఏళ్లు. మాంచెస్టర్‌లో 30 ఓవర్లు వేసిన ఆ కాళ్లే, రెండు టెస్టుల మధ్య మూడే రోజుల విరామంతో, ఓవల్‌లో మళ్లీ పరుగెత్తాయి. అతను ఎప్పుడూ సిద్ధమే అంటాడు కాబట్టి ఎవరూ ఆపలేదు. వచ్చే ఐదు టెస్టుల సిరీస్‌కు జట్టును ఎంచేటప్పుడు బుమ్రా పేరు పక్కన రాసుకున్నట్టే సిరాజ్ పేరు పక్కనా ఎన్ని టెస్టులు, ఎన్ని ఓవర్లు అన్నది మొదటి బంతి పడకముందే రాసి పెట్టుకోవాలి.