చేపల కంటే ముందు రాయి



గాజు తొట్టిలో రంగు చేపల్ని మీరు చూసే వుంటారు. ఎక్కువ ఇళ్ళలో వుండేవి మంచినీటి చేపలు. ఉప్పునీళ్ళలో బతికే సముద్రపు చేపలు కూడా వున్నాయి. వాటి రంగులు బాగుంటాయి. ధర కూడా ఎక్కువే. లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో ఆడవాళ్ళు ఈ పెంపకం నేర్చుకున్నారు.

కానీ ఒక్క మాట. కొత్త తొట్టిలో ఉప్పునీళ్ళు పోసి వెంటనే చేపల్ని వదిలితే, కొద్ది రోజుల్లోనే చచ్చిపోవచ్చు. పెట్టిన డబ్బు నీళ్ళపాలవుతుంది. ఎందుకు?

నీళ్ళలో విషం

చేప మేత తింటుంది. మలం వదులుతుంది. మిగిలిన మేత కుళ్ళుతుంది. వీటి నుండి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం.

కంటికి కనిపించని జీవులు కొన్ని వున్నాయి. వీటినే సూక్ష్మజీవులు అంటారు. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇది కూడా చెడ్డదే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. దీనితో ప్రమాదం చాలా తక్కువ. అప్పుడప్పుడు కొంత నీరు మారిస్తే సరిపోతుంది.

ఈ జీవులకు ఇల్లు కావాలి. చిన్న చిన్న రంధ్రాలున్న రాయే వాటి ఇల్లు.

ఏ రాయి?

సముద్రం నుండి పగడపు రాయి తేవచ్చు కదా అంటారేమో. తేకూడదు. పగడాలు రాళ్ళు కావు, ప్రాణులు. వాటి దిబ్బల్లో చేపలు గుడ్లు పెడతాయి, పిల్లలు పెరుగుతాయి. తమిళనాడు దగ్గర మన్నార్ సింధుశాఖలో 21 చిన్న దీవులుండేవి. వాటిలో 2 మునిగిపోయాయి. పగడపు రాళ్ళను తవ్వుకుపోవడం అందుకు ఒక కారణం. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి 2001లో పగడాలను కూడా చేర్చారు. వాటిని తీసుకురావడం నేరం.

అందుకే ఎండు రాయి వాడాలి. అంగట్లో దీన్ని డ్రై రాక్ అంటారు. ఇది రెండు రకాలు. ఒకటి, ఒకప్పుడు సముద్రం వుండి ఇప్పుడు నేలగా మారిన చోట తవ్వి తీసింది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇలాంటిది దొరుకుతుంది. రెండోది, సిమెంటుతో చేసింది.

రాయిని ఎలా తయారు చెయ్యాలి?

మొదట గట్టి బ్రష్షుతో రుద్దండి. దుమ్ము, ఎండిన నాచు పోవాలి. మంచినీళ్ళతో నాలుగైదు సార్లు కడగండి. సబ్బు వాడకండి.

తర్వాత బకెట్‌లో నానబెట్టండి. నీళ్ళు మారుస్తూ వుండండి. సిమెంటు రాయిని కొన్ని వారాల పాటు నానబెట్టాలి. లేకపోతే దానిలోని సున్నం నీళ్ళలోకి దిగి చేపలకు హాని చేస్తుంది.

జాగ్రత్త! కొందరు రాయిని యాసిడ్‌తో కడుగుతారు. కొందరు బ్లీచింగ్ నీళ్ళు వాడతారు. ఈ రెండూ ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే విషవాయువు వస్తుంది. ప్రాణం పోవచ్చు. బాత్రూం కడిగేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి.

ఉప్పునీళ్ళు

వంట ఉప్పు పనికిరాదు. సముద్రపు నీళ్ళలో ఉప్పుతో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా వుంటాయి. ఇవన్నీ కలిసిన ఉప్పు చేపల షాపుల్లో అమ్ముతారు. లీటరు నీళ్ళకు సుమారు 35 గ్రాములు కలపాలి. కుళాయి నీళ్ళైతే ముందు క్లోరిన్ పోగొట్టాలి.

రాళ్ళను కదలకుండా పేర్చండి. పైనుండి పడితే గాజు పగులుతుంది. నీళ్ళు తిరిగేలా పంపు పెట్టండి. నీళ్ళలో చెయ్యి పెట్టే ముందు కరెంటు స్విచ్ ఆపండి.

తోడు వెయ్యాలి

పాలల్లో తోడు వెయ్యకపోతే పెరుగు అవుతుందా? కాదు. ఎండు రాయి కూడా అంతే. దాని మీద సూక్ష్మజీవులు లేవు. బాగా నడుస్తున్న తొట్టి నుండి చిన్న రాయి ముక్క తెచ్చి వెయ్యండి. అదే తోడు. సీసాల్లో కూడా ఈ జీవుల్ని అమ్ముతారు.

వాటికి మేత కావాలి. ఒక పచ్చి రొయ్య ముక్క వెయ్యండి. అది కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. సూక్ష్మజీవులు దాన్ని తిని పెరుగుతాయి.

పెరుగు ఒక రాత్రిలో తోడుకుంటుంది. ఇది అలా కాదు. 4 నుండి 6 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నీళ్ళు తేటగా కనిపించినా నమ్మకండి. విషం కంటికి కనిపించదు. నీళ్ళను పరీక్షించే మందు చుక్కలు షాపులో దొరుకుతాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చేదాకా చేపల్ని కొనకండి. వచ్చాక కూడా ముందు ఒకటి రెండు చేపలే వదలండి.

మాట్లాడుకుందాం

1. తేటగా వున్న నీళ్ళన్నీ మంచివేనా? మన ఊరి బావి నీళ్ళ సంగతి ఏమిటి?
2. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను మీ ఇంట్లో ఎక్కడ పెడుతున్నారు?
3. పగడాలు పోతే చేపలు పట్టి బతికేవాళ్ళకు ఏం నష్టం?