పాలకు తోడు: గృహజీవితము నేర్పు విశ్వాసము



గ్రామములనుండి ఈ ప్రసంగమును ఆలకించుచున్న పెద్దలారా, నేను పండితురాలను కాను, బోధకురాలను కాను. హైదరాబాదు నగరమున చిక్కడపల్లిలో ముప్పది యేండ్లుగా కాపురము చేయుచున్న గృహిణిని. క్రైస్తవ విశ్వాసమనగా ఆదివారపు ఆరాధనయు, పండుగనాటి పాటయు, మంచి నడవడియు అని మీలో పలువురు తలంతురు. అది నిజమే. అయితే వాని కన్నిటికిని మూలమైన మాట యొకటి కలదు. దానిని మా వేదగ్రంథమున కృప యందురు. అర్హతను విచారింపక ముందుగా ఇచ్చుట, ఇచ్చిన పిదప ఓర్పుతో కాచియుండుట, ఇదియే కృప. ఈ మాటను చిన్ననాటి నుండియు దేవాలయమున వినుచునే యుంటిని. దాని యర్థము మాత్రము నాకు వంటయింటిలో, పాలగిన్నె యొద్ద తెలిసినది. అది యెట్లో మనవి చేసెదను.

చిక్కడపల్లి, అశోక్ నగరు, నారాయణగూడ యనునవి ఇరుగుపొరుగు పేటలు. మా చిక్కడపల్లిలో వేంకటేశ్వరస్వామి ఆలయమును, త్యాగరాయ గానసభయు, నగర కేంద్ర గ్రంథాలయమును కలవు. నారాయణగూడలో మేము పోవు బాప్టిస్టు దేవాలయము కలదు. అశోక్ నగరు సర్కారు కొలువుల పరీక్షలకు చదువు యువజనులతో నిండిన పేట. మీ గ్రామమునుండియు ఎవరో యొక పిల్లవాడు వచ్చి, అచ్చట ఇరుకు గదిలో నలుగురితో కలిసియుండి, పగలెల్ల గ్రంథాలయమున చదువుచుండవచ్చును.

మా పెద్దకుమారుడును అట్లు చదివినవాడే. గ్రూపు-1 ప్రాథమిక పరీక్ష 2022 అక్టోబరులో జరిగి, 2023 మార్చిలో రద్దయినది. 2023 జూనులో మరల జరిగి, సెప్టెంబరులో న్యాయస్థానపు తీర్పుచే అదియు రద్దయినది. 2024 జూనులో మూడవమారు జరిగినది. మావాడు మూడు మారులును వ్రాసెను. జూలైలో ఫలితములు వెలువడిన దినమున వాని సంఖ్య జాబితాలో లేదు.

ఆ సాయంకాలము వాడు గుమ్మమున చెప్పులు విడుచుచుండగనే, "ఏమయింది? ఎన్ని మార్కులు వచ్చాయి?" అని అడిగితిని. వాడు తల వంచుకొనెను. నేనంతటితో ఊరకుండనైతిని. తండ్రి పింఛను మీద ఎన్నాళ్లు బ్రదికెద వంటిని. నీవు దేవాలయమునకు వచ్చుట మానితివి గనుకనే యిట్లయిన దంటిని. ఈ కడపటి మాట నా నోట రాకుండిన బాగుండెడిది. వాడు సంచి క్రిందపెట్టి, మారు పలుకక వెలుపలికి పోయెను.

రాత్రి తొమ్మిదిన్నర యైనను తిరిగి రాలేదు. వాని ఫోను సంచిలోనే యుండి మ్రోగుచుండెను. మీరు కన్నవారు గనుక ఆ గడియలో నా గుండె యెట్లుండెనో వేరుగ చెప్ప నక్కరలేదు. పొయ్యిమీది పాలు అప్పుడే పొంగి దింపితిని. ఆ తొందరలో, కాగుచున్న పాలలోనే ఇంత పెరుగు వేసి మూత పెట్టి, మావారితో కూడ వెదకుటకు బయలుదేరితిని.

గ్రంథాలయము ముందరను, చాయి బండ్ల యొద్దను చూచితిమి. కానరాలేదు. అశోక్ నగరులో ఒక వసతిగృహపు మెట్లమీద ఒక పల్లెటూరి తల్లి మూట ముందు పెట్టుకొని కూర్చుండియుండెను. మా ముఖములు చూచి ఏమని అడిగెను. చెప్పితిని. ఆమె నల్లగొండ వైపునుండి కొడుకును చూడవచ్చినదట. మూటలో మామిడికాయ పచ్చడి జాడీయు, ఒక కొత్త చొక్కాయు ఉన్నవి. వానికిని ఆనాడే పరీక్ష పోయినదట. "నీ కొడుకును ఏమడిగితివమ్మా?" యంటిని. ఆమె, "ఎట్ల రాసినవని అడగలే బిడ్డా. తిన్నవా అని అడిగిన" అని బదులు చెప్పెను.

ఆ చొక్కాను చూడగానే నాకు హన్నా జ్ఞాపకమునకు వచ్చినది. మా గ్రంథమున సమూయేలు ప్రవక్త తల్లి హన్నా. ఆమె చిరకాలము బిడ్డలు లేక ఏడ్చి, ప్రార్థించి, కనిన కుమారుని షిలోహు దేవాలయమున సేవకు విడిచెను. పిదప ఏటేట బలి దినమున అచ్చటికి పోవునప్పుడు వానికొక చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెడిది. ఎదుట లేని బిడ్డ ఈ యేడు ఎంత యెదిగియుండునో మనసులోనే కొలిచి కుట్టవలెను గదా! వాడు గొప్పవాడు కాక పూర్వమే, ఎవరును వాని పేరు ఎరుగకముందే, ఆ యంగీ సిద్ధమయ్యెను. మన డోర్నకల్లులో 1912లో ఆంగ్లికను సంఘమునకు మొదటి భారతీయ బిషప్పయిన అజరయ్యగారి తల్లియు, చిరకాలము ప్రార్థించి కన్న కొడుకునకు ఆ ప్రవక్త పేరే పెట్టినది.

మేము తిరిగి వచ్చునప్పటికి మావాడు చీకటిలో అరుగుమీద కూర్చుండియుండెను. నేనేమియు అడుగలేదు. "కాళ్లు కడుక్కో, అన్నం పెడతా" నంటిని. వాడు తినెను. ఇరువురమును మాటాడుకొనలేదు.

తెల్లవారి గిన్నె మూత తీయగా పాలు విరిగి, నీరు వేరు, ముద్ద వేరు అయియున్నవి. తోడు కొరకు పొరుగింటికి పోతిని. ఆమె నిత్యము వేంకటేశ్వరస్వామి ఆలయమునకు పోవు పెద్ద ముత్తైదువ. ఇరువది యేండ్లుగా మేము ఒకరి పెరుగుతో ఒకరము పాలు తోడుపెట్టుకొనుచున్నాము. ఆమె గిన్నెలో రెండు చెంచాలు వేసి ఇచ్చుచు, "ఈసారి వేలు ముంచి చూడమ్మా. చేతికి ఓర్చుకోలేని వేడి తోడుకూ ఓర్చదు" అనెను.

ఆ మాటతో నాకు రాత్రి జరిగినదంతయు కన్నులకు కట్టినది. తోడు పెట్టు విధము మీ యిండ్ల స్త్రీలకు తెలియనిది కాదు. పాలు మరుగుచుండిన విరుగును, చల్లారిన తోడుకొనవు. గోరువెచ్చగ నుండవలెను. వేయవలసినది చెంచాడే. వేసిన పిదప కదపరాదు. గడియ కొకసారి మూత తీసి గరిటె పెట్టిన గడ్డ కట్టదు. నేను మరుగుచున్న పాలలో మంచి మాట పోసితిని; పోసినది చాలక దినదినము కలియబెట్టితిని.

యేసు ప్రభువు దేవుని రాజ్యమును గూర్చి చెప్పినప్పుడు వంటయింటి స్త్రీనే ఉపమానముగ తీసికొనెను. ఒక స్త్రీ కొంచెము పులిసిన పిండిని తీసి మూడు కుంచముల పిండిలో దాచగా, అంతయు పులిసెనట. ఆ దేశపు రొట్టెకు పులిసిన పిండి యెట్టిదో మన పెరుగునకు తోడు అట్టిది. దాచిపెట్టుట స్త్రీ పని. పొంగించుట ఆమె చేతిలోనిది కాదు. బిడ్డలో విశ్వాసమును, మంచితనమును అట్లే. వానిని వేయుట మన వంతు, ఎదిగించుట దేవుని వంతు.

వేలు ముంచుట యనునదియు చిన్న మాట కాదు. దేవుడు దూరమునుండి మన కష్టమును లెక్కించి ఊరకుండక, క్రీస్తునందు మనుష్యుడై, ఒక పేద తల్లి యొడిలో పుట్టి, మన బ్రదుకు వేడిని తానే చూచెనని మా నమ్మిక. బిడ్డ బాధలో వేలు ముంచి చూడని తల్లి యుపదేశము వానికి పనికిరాదని నాకు అప్పుడు తెలిసినది.

పెద్దలలో ఎవరైన, "అడుగక విడిచిన పిల్లలు చెడిపోరా?" యని యడుగవచ్చును. తోడు పెట్టిన గిన్నెను ఎవరును వీధిలో పెట్టరు. మూత పెట్టుదురు, వెచ్చని తావున ఉంచుదురు, పిల్లి ముట్టకుండ చూతురు. కాచియుండుట వేరు, గాలికి విడుచుట వేరు.

ఇట్టి యోర్పును మా పూర్వులు ఒంగోలు సీమలో చూచిరి. 1876 మొదలు 1878 వరకు ధాత కరువు పట్టినప్పుడు, అచ్చటి మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టు పుచ్చుకొని, ఆకలిగొన్న వేలమందికి కూలియు కూడును కలుగజేసెను. బాప్తిస్మము కోరి పలువురు వచ్చిరి. కూటికొరకై మతము పుచ్చుకొనిరను మాట రాగూడదని, ఒక సంవత్సరమునకు మించి ఆయన ఎవరికిని దాని నియ్యలేదు. కరువు పని ముగిసిన పిదప, 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ముందు అన్నము పెట్టి, పిదప కాచియుండుట యనగా నిదియే. ఈ కథను మా అవ్వ నాకు అన్నము కలిపి పెట్టుచు చెప్పినది. తీరా నా బిడ్డ విషయమున నేను దానిని మరచితిని.

మావానికి కొలువు ఇంకను రాలేదు. పగలు చదువుకొనుచు, సాయంకాలము కొందరు పిల్లలకు లెక్కలు చెప్పుచున్నాడు. దేవాలయమునకు రమ్మని నేను మరల పిలువలేదు. ఆరు నెలలకు పైగా గడచినది. ఒక ఆదివారము మావారికి జ్వరముగ నుండగా, మోకాలి నొప్పితో నే నొక్కతెనే నారాయణగూడకు బయలుదేరితిని. వాడు వెనుకనుండి వచ్చి నా చేతిలోని గ్రంథమును పుచ్చుకొని, "ఆగమ్మా, నేను తోడు వస్తా" ననెను.

పాలలో వేయుదానికిని, దారిలో వెంట వచ్చువానికిని మన తెలుగువారు ఒక్క పేరే పెట్టిరి. ఇరువురమును మెల్లగా నడచిపోతిమి. దారిలో వానిని నేనేమియు అడుగలేదు.